చాచా చూడమన్న అయిదో పేజీ

మా ఊరి పాత బజారులో సరాయి ముందు నిలబడి ఎవరు ఫోటో దిగినా, వాళ్ళ భుజం వెనక గోడకు బిగించిన నల్లరాయి కూడా అందులో పడుతుంది. ఈ చారిత్రక కట్టడాన్ని కూల్చివేత నుంచి కాపాడిన చైర్‌పర్సన్ అని దాని మీద బంగారు రంగు అక్షరాల్లో నా పేరుంది. ఆ రాయి పెట్టిన రోజు నాకు కప్పిన శాలువా ఇంకా మా ఇంట్లో మడత విప్పకుండా ఉంది.

కొత్తగా వార్డు సభ్యులైన పిల్లలు, ముఖ్యంగా ఆడపిల్లలు, నా దగ్గరికి వచ్చి మీలాగా పేరు తెచ్చుకోవాలంటే ఏం చేయాలి మేడం అని అడుగుతుంటారు. ఇన్నాళ్ళూ టీ ఇచ్చి, నాలుగు మంచి మాటలు చెప్పి పంపించేశాను. ఇక అలా పంపబుద్ధి కావడం లేదు. అందుకని ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను. ఊరి పేరు రాయను, ఎవరి పేర్లూ రాయను. శంషాబాద్ చుట్టుపక్కల, విమానాలు చక్రాలు దించుకుంటూ ఇళ్ళ మీంచి పోయే ఊళ్ళలో మాదీ ఒకటి అనుకుంటే చాలు.

సరాయి అంటే మీలో చాలామందికి ఇప్పుడున్న గ్రంథాలయమే తెలుసు. నిజాం కాలంలో బెంగళూరు బాటన పోయే ప్రయాణికులు దిగడానికి కట్టిన సత్రం అది. మూరెడు మందం రాతి గోడలు, ముందు అయిదు కమానులు, బజారు వైపు వెడల్పాటి మెట్లు. సత్రం పోయాక పోలీసు ఠాణా అయింది, కొన్నాళ్ళు బడి నడిచింది, చివరికి గ్రామ పంచాయతీ ఆఫీసైంది. ఎండాకాలం అందులో ఫ్యాన్ అక్కర్లేదు. వానాకాలం మాత్రం వెనక గది కారుతుంది, బకెట్లు పెట్టుకునేవాళ్ళం.

విమానాశ్రయం వచ్చినప్పుడు మా అమ్మ పుట్టిన చిన్న పల్లె ఆ భూముల్లోకి పోయింది. కొత్త ఇళ్ళు లేచేదాకా కొన్ని కుటుంబాలు కుండలు, కోళ్ళు, మంచాలతో సహా సరాయి వసారాలోనే ఉన్నాయి. ఆ ఏడు ఆషాఢంలో బోనం ఎక్కడి నుంచి ఎత్తాలో వాళ్ళకు తోచలేదు. ఊరు లేదు, గడప లేదు. మా అమ్మకు అక్క, నాకు పెద్దమ్మ, సరాయి మెట్లు కడిగి పసుపు రాసి మొదటి బోనం అక్కడి నుంచే ఎత్తింది. అప్పటి నుంచి ప్రతి ఏడూ అంతే. వేర్వేరు చోట్లకు చెదిరిపోయిన ఆ పల్లె ఆడవాళ్ళంతా ఆ ఒక్క పూట అక్కడ కలుస్తారు. మిగిలిన ఊరికి అది ఆఫీసు మెట్లు కావచ్చు, వాళ్ళకు మాత్రం అదే ఊరు.

నేను మహిళా సంఘంలో తిరుగుతూ, ఆడవాళ్ళకు కేటాయించిన సీటులో సర్పంచ్‌నయ్యాను. పదో తరగతి దాకా చదివాను. మొదటి సమావేశానికి మా ఆయన నాకంటే ముందు తయారై వచ్చి, నా కుర్చీ పక్కన కుర్చీ లాక్కున్నాడు. అది ఆ రోజుల్లో అందరూ చేసే పనే, ఎవరూ తప్పనుకోలేదు. పంచాయతీ గుమాస్తా ఒకాయన ఉండేవాడు. తెల్లని లాల్చీ, మెడలో దారానికి వేలాడే కళ్ళద్దాలు. ఊరంతా చాచా అని పిలిచేది. ఆయన ఒక మంచి కుర్చీ చేత్తో పట్టుకొని వచ్చి వసారాలో వేశాడు.

"భాయ్, లోపల ఉక్కపోస్తది. ఈడ గాలి బాగ కొడ్తది, మీరు ఈడ ఆరాంగ కూసోండ్రి" అన్నాడు మా ఆయనతో.

మా ఆయన బయటికి నడిచాడు. ఆ తర్వాత లోపలికి రాలేదు. నా ఉద్యోగం నిజంగా మొదలైంది ఆ నిమిషాన. నాకు పదవి ఇచ్చింది జనమే అయినా, కుర్చీ ఇచ్చింది చాచా.

ఆయన నాకు పని నేర్పాడు. ఏ కాగితం ఎవరికి పోతుంది, ఏ సంతకం ఎవరిని ఇరికిస్తుంది, అన్నీ. "చదువకుండ దస్తఖత్ చెయ్యకు బిడ్డా. ఎవడన్న జల్దీ జల్దీ అంటే నువ్వు ఇంక లేటు చెయ్యి" అనేవాడు. నలుగురిలో ఉన్నప్పుడు మేడం అనేవాడు, ఎవరూ లేనప్పుడు బిడ్డా అనేవాడు.

నాకు ఇంగ్లీషు రాదు. అక్షరాలు కూడబలుక్కోగలను గాని, ఆఫీసు ఇంగ్లీషు నాకు అర్థం కాదు. ఈ సంగతి చాచాకు మొదటి వారంలోనే తెలిసిపోయింది. ఒక్కసారి కూడా ఆ మాట ఎత్తలేదు. మధ్యాహ్నం తిండి వేళ ఫైలు పట్టుకొని నా ముందు నిలబడి, రిపోర్టు చెబుతున్నట్టుగా తెలుగులో అంతా చెప్పేవాడు. తలుపు తెరిచే ఉండేది. చూసినవాళ్ళు గుమాస్తా సర్పంచ్‌కు లెక్క అప్పజెబుతున్నాడనుకునేవాళ్ళు. నా పరువును ఆయన అంత జాగ్రత్తగా కాపాడాడు.

తర్వాత ఊరు మున్సిపాలిటీ అయింది. నేను చైర్‌పర్సన్‌నయ్యాను. చాచా టౌన్ ప్లానింగ్ విభాగంలో క్లర్కయ్యాడు. నాకు కారొచ్చింది, గన్‌మన్ రాలేదని రెండు నెలలు అలిగాను. ఇప్పుడు నవ్వుకుంటారు గాని, పదవిలో ఉన్నప్పుడు అవన్నీ చాలా పెద్ద విషయాలుగా కనిపిస్తాయి.

విమానాశ్రయం పక్క ఊళ్ళో ప్రజాప్రతినిధికి ఇంకో ఉద్యోగం కూడా ఉంటుంది, అది ఎక్కడా రాసి ఉండదు. ఢిల్లీ నుంచి ఏ పెద్దమనిషి దిగినా పూలగుచ్ఛంతో మేమే ఉండాలి. ఎన్ని పొద్దుటి పూటలు ఆ గేటు దగ్గర చేతిలో శాలువాతో నిలబడ్డానో లెక్క లేదు. ఒకసారి పొరపాటున ఎవరో వ్యాపారికి కప్పేశాను, ఆయన మర్యాదగా కప్పించుకొని వెళ్ళిపోయాడు. ఫోటోలో మనం కనిపించకపోతే మర్నాడు పార్టీలో గుసగుసలు మొదలవుతాయి. అందుకని స్వాగతం ఉన్న రోజు మిగతా పనులన్నీ పరుగుల మీద తెమలాల్సిందే.

ఆ ఏడు వానలకు ముందు నగరంలో ఎక్కడో ఒక పాత గోడ కూలి మనుషులు పోయారు. శిథిల భవనాల జాబితా వెంటనే కౌన్సిల్‌లో పెట్టి తీర్మానం చేయండని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. ఎవరో ఇంజనీర్లు రెండు రోజులు ఊరంతా తిరిగి నివేదిక ఇచ్చారు. అంతా ఇంగ్లీషు. అందులో ఇళ్ళ పేర్లు, యజమానుల పేర్లు లేవు, కొత్తగా వేసిన ఇంటి నంబర్లు మాత్రమే ఉన్నాయి. మున్సిపాలిటీ అయ్యాక నంబర్లన్నీ మార్చారు. కొత్త నంబర్లు పోస్ట్‌మన్‌కే తెలియవు, ఇక మాకేం తెలుస్తాయి.

కౌన్సిల్ సమావేశం సరాయిలోనే, పెద్ద హాల్లో జరిగింది. హైవే మీద కొత్త ఆఫీసు రంగులు కూడా అయిపోయి ప్రారంభానికి సిద్ధంగా ఉంది. పాత భవనంలో అదే ఆఖరి సమావేశం అని అందరూ హుషారుగా ఉన్నారు. నేను గంటలో విమానాశ్రయంలో ఉండాలి. పూలగుచ్ఛం కార్లో వాడిపోతోంది. అంశాలు ఒక్కొక్కటీ చదవడం, సభ్యులు బల్లలు చరచడం, ఆమోదం. అలా పోతోంది బండి.

శిథిల భవనాల అంశం దగ్గరికి వచ్చేసరికి చాచా పక్కకు వచ్చి నిలబడ్డాడు. నివేదిక నా ముందు పెట్టి, ఒక పేజీ మధ్యలో వేలు ఉంచాడు.

"మేడం, జర ఈ అయిదో పేజీ చూడుండ్రి. ఒక్క నిమిషం. దీన్ని వాయిదా వేస్తే మంచిగుంటది."

నేను పేజీ చూశాను. ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు. ఎదురుగా మొదటి వరసలో కొత్త కౌన్సిలర్ ఒకడు, ఇంజనీరింగ్ చదివినవాడు, పక్కవాడి చెవిలో ఏదో అని నవ్వాడు. వాళ్ళు దేనికి నవ్వుకున్నారో నాకు ఈనాటికీ తెలియదు. నన్ను చూసే అనుకున్నాను. ఒళ్ళు మండిపోయింది.

"ఏంది చాచా, నాకు చదువ రాదనుకుంటున్నవా?" అన్నాను, హాలంతా వినపడేలా.

ఆయన వేలు తీసేశాడు. "గట్ల గాదు మేడం" అని ఒక అడుగు వెనక్కి వేశాడు. నేను కలం తీసి సంతకం పెట్టాను. చకచకా, అలవాటైన దానిలా, పెద్ద పెద్ద అక్షరాలతో. సభ్యులు బల్లలు చరిచారు. ఏకగ్రీవం. మేము కూర్చున్న భవనాన్ని, మా నెత్తి మీద ఉన్న కప్పును, మేము చరిచిన బల్లల కింద నేలను కూలగొట్టడానికి అందరమూ కలిసి ఆమోదించి, స్వీటు తిని, లేచాము.

మీరు నవ్వితే నవ్వండి. నాకు మాత్రం నవ్వు రాదు.

మర్నాడు చాచా నా గది బయట బెంచీ మీద కూర్చున్నాడు. నేను చూశాను, పిలవలేదు. నలుగురి ముందు నన్ను చిన్నబుచ్చాడన్న కోపం ఇంకా తగ్గలేదు. ఆ తర్వాతి రోజు కూడా వచ్చి కూర్చున్నాడు. మూడో రోజు మేము కొత్త ఆఫీసుకు మారాము, బీరువాల హడావుడిలో అందరమూ అన్నీ మరిచిపోయాము. ఇది వెంటనే జరిగే పని కాదని చాచా కూడా కొంత ధైర్యంగానే ఉండి ఉంటాడు. మన దగ్గర అలాంటి తీర్మానాలు ఏళ్ళ తరబడి అరల్లో పడుంటాయి. ఆ ఏడు మాత్రం పైనుంచి ఫోన్ల మీద ఫోన్లు వచ్చి నెల తిరగకుండానే పని మొదలైంది.

ఆషాఢం. తెల్లారితే ఆదివారం, మా వాళ్ళ బోనాలు. శనివారం పొద్దున నేను అత్తాపూర్‌లో బంధువుల ఇంట్లో నామకరణానికి వెళ్ళాను. పెద్దమ్మ ఎవరి ఫోన్ నుంచో అక్కడికి ఫోన్ చేసింది.

"బిడ్డా, ఒక మిషనోడు వచ్చిండు. సరాయిని కూలగొడ్తడంట. నీ ఆర్డరే అంటున్నడు. నా బిడ్డ గట్ల రాయది, నువ్వు అబద్ధం ఆడుతున్నవని నేనంటున్న. జర జల్దీ రా."

ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కి ఎంత వేగంగా వచ్చామో డ్రైవర్‌కే తెలియాలి. దారంతా కాంట్రాక్టర్‌ను, కమిషనర్‌ను, అందరినీ ఫోన్లో తిడుతూనే ఉన్నాను. ఎవడిచ్చాడు ఆర్డరు, వాడి ఉద్యోగం ఊడగొడతాను అన్నాను. ఆ మాట ఎంత నిజమవుతుందో అప్పుడు తెలియదు.

సరాయి ముందు పసుపుపచ్చ జేసీబీ ఆగి ఉంది. మెట్ల నిండా ఆడవాళ్ళు. సగం మెట్లు కడిగి ఉన్నాయి, చీపుర్లు, బకెట్లు అలాగే పడి ఉన్నాయి. మా పెద్దమ్మ మధ్యలో కూర్చుని ఉంది. వాళ్ళతో పాటు, మిషన్‌కు అడ్డంగా, ఒకే ఒక్క మగమనిషి నిలబడి ఉన్నాడు. చాచా. ఆఫీసు నుంచి నాకంటే ముందే పరుగెత్తుకు వచ్చాడు. లాల్చీ చెమటకు వీపుకు అంటుకుపోయింది.

నన్ను చూడగానే ఆడవాళ్ళంతా లేచారు. "వచ్చింది మా బిడ్డ, ఇగ అడుగు" అంది పెద్దమ్మ మిషన్ వాళ్ళతో.

"ఎవరిచ్చిండ్రు నీకు ఆర్డర్?" అని అరిచాను.

కాంట్రాక్టర్ మనిషి భయపడుతూ కాగితం చాపాడు. "మేడం, మీరే ఇచ్చిండ్రు. దస్తఖత్ మీదే గదా, చూడుండ్రి."

నా సంతకమే. హాల్లో వేసిన పెద్ద పెద్ద అక్షరాలు. ఆ పైన అయిదో పేజీ నకలు, అందులో ఒక నంబరు చుట్టూ ఎర్ర సున్నా. అప్పుడు నాకు వేలు గుర్తొచ్చింది. ఏ వరస మీద ఆ వేలు ఉండిందో కూడా గుర్తొచ్చింది. 

నా ఫోన్ అందుకొని మున్సిపల్ కమిషనర్ గారు కూడా వచ్చారు. ఆయన కోస్తా వైపు మనిషి, బదిలీ మీద వచ్చి నెలన్నర. నన్ను కమాను నీడలోకి తీసుకెళ్ళి నెమ్మదిగా అన్నారు: "మేడమ్, ఇది టౌన్ ప్లానింగ్ సెక్షన్ వాళ్ళ పొరపాటని చెప్పేయండి. పని ఆపమని నేను ఇక్కడే రాసిస్తాను. మీ మీదికి వస్తే రేపు పేపర్లో మీ ఫోటో వేస్తారు, ఎల్లుండి అవిశ్వాసం పెడతారు. చదవకుండా సంతకం చేసిందంటారు. ఆలోచించుకోండి."

ఆలోచించడానికి ఏముంది? చదవకుండా సంతకం చేసిందంటే ఆగుతారా? చదవరాదు అంటారు. మొగుడు బయట కుర్చీలో కూర్చుంటే ఇలాగే ఉంటుంది అంటారు. ఇన్నేళ్ళు దాచుకున్నదంతా ఆ మెట్ల మీద పడిపోతుంది. ఇదంతా నా బుర్రలో తిరగడానికి ఒక్క నిమిషం కూడా పట్టలేదు.

నేను బయటికి వచ్చి, అప్పటికి పోగైన బజారు జనం ముందు నిలబడ్డాను.

"ఈ లిస్టు తయారు చేసింది చాచా. నాకు ఒక్క మాట చెప్పకుండ సరాయి నంబర్ అండ్ల కలిపిండు. మోసంతోని నా దస్తఖత్ తీసుకున్నరు. నా పానం పోయినా సరే, సరాయి మీద చెయ్యి వెయ్యనియ్య."

చాచా నా వైపు చూశాడు. ఏదో ఒకటి అంటాడని ఎదురు చూశాను. ఆయన కళ్ళద్దాలు తీసి లాల్చీ అంచుతో తుడుచుకొని, మళ్ళీ పెట్టుకోకుండా జేబులో వేసుకున్నాడు. అంతే. ఎవడో కుర్రాడు ఆయన కాలర్ పట్టుకున్నాడు. ఇంకెవడో తోశాడు. పెద్దమ్మ ఆయన ముందుకు వెళ్ళి, "ఇన్నేండ్లు మా నడుమ కూసున్నవు గదా సాబూ, నీకు మనసెట్ల ఒప్పింది?" అని అడిగింది. దానికి కూడా ఆయన తలెత్తలేదు. జనంలోంచి దారి చేసుకుంటూ బస్టాండు వైపు నడిచిపోయాడు.

మిషన్ వెనక్కి తిరిగింది. ఆడవాళ్ళు నా నుదుటికి, చెంపలకు పసుపు రాశారు. మర్నాడు బోనాల ఊరేగింపులో నన్ను ముందు నడిపించారు. డప్పుల చప్పుడులో నేనూ నడిచాను. నిజం చెప్పొద్దూ, సంతోషంగా కూడా ఉంది.

చాచాను సస్పెండ్ చేశారు. పదవీ విరమణకు ఎనిమిది నెలలుంది. విచారణ అధికారి నాకు ఒక ప్రశ్న రాసి పంపాడు. జాబితాలో ఈ భవనం ఉన్న సంగతి సదరు ఉద్యోగి మీ దృష్టికి తెచ్చాడా? దాని కింద నేను ఒక్క మాట రాశాను. తేలేదు. మెట్ల మీద అన్నది కంగారులో జారిన మాట అనుకోవచ్చు. ఇది అలా కాదు. ఇంట్లో భోజనం చేసి, చేతులు కడుక్కొని, బల్ల దగ్గర కూర్చుని, తెలుగులో రాసిన మాట. ఆ కాగితాన్ని సంతకం పెట్టే ముందు రెండుసార్లు చదివాను కూడా.

విచారణలో చాచా నోరు విప్పలేదని తెలిసింది. పొరపాటు జరిగింది, క్షమించండి అని రాసిచ్చాడట. సస్పెన్షన్‌లో ఉండగానే రిటైరయ్యాడు. ఆయనకు వీడ్కోలు సభ లేదు, పూలదండ లేదు. ముప్పై ఏళ్ళ పైచిలుకు సర్వీసు అలా ముగిసింది.

నాకు మాత్రం అన్నీ కలిసొచ్చాయి. పేపర్లో నా గురించి రాశారు. సరాయికి మరమ్మతులు చేయించాను, వెనక గది కారడం ఆగింది, గ్రంథాలయం పెట్టాము. రాయి పెట్టారు. పార్టీలో జిల్లా పదవి వచ్చింది. ఎప్పుడైనా చాచా గుర్తొచ్చినప్పుడు నాకు నేను ఒక మాట చెప్పుకునేదాన్ని. ఆ రోజు నేను అలా అనకపోతే సరాయి నిలిచేది కాదు, ఒక మనిషి కొంచెం నష్టపోతేనేం, కట్టడం మిగిలింది, మా వాళ్ళ బోనం మిగిలింది. ఆ మాట నన్ను చాలా ఏళ్ళు నిద్రపుచ్చింది.

పదవీకాలం ముగిశాక ఫోన్లు తగ్గిపోయాయి. విమానాశ్రయానికి రమ్మని ఎవరూ పిలవలేదు. ఖాళీగా కూర్చుంటే లోపలి మాటలు పెద్దగా వినపడతాయి. పోయిన వేసవిలో మైలార్‌దేవ్‌పల్లిలో చాచా ఇల్లు కనుక్కొని వెళ్ళాను. కాటేదాన్ వైపు సందులో, రెండో అంతస్తులో కిరాయి ఇల్లు. మెట్లెక్కుతుంటే కుట్టుమిషన్ చప్పుడు వినిపించింది. తలుపు తీసింది ఆయన కూతురు. నన్ను చూసి పక్కకు తప్పుకుంది. మళ్ళీ మిషన్ దగ్గర కూర్చుంది గాని కుట్టలేదు.

చాచా చిక్కిపోయాడు. కిటికీ దగ్గర మంచం మీద ఉన్నాడు. "రా బిడ్డా, కూసో" అన్నాడు. ఏమీ జరగనట్టే. ఆ పిలుపుకు నాకు ఏడుపొచ్చింది.

"గప్పుడు ఎందుకు చెప్పలే చాచా? ఎంక్వైరీల గూడ ఎందుకు చెప్పలే?"

ఆయన దిండుకు ఆనుకొని కూర్చున్నాడు. "ఎట్ల చెప్పాలె బిడ్డా? నేను చూపెట్టిన, మేడం చదువలే అంటే, ఎందుకు చదువలే అంటరు. ఇంగ్లీషు రాదని చెప్పాలె. గది నా నోటెంట ఎట్లొస్తది? అన్ని దినాలు దాస్తిని గద."

నేను తల వంచుకున్నాను.

"ఇంకోటి" అన్నాడు. "నువ్వే చెప్తవనుకున్న. కోపంల అన్నది, ఇంటికి పోయినంక చెప్తది అనుకున్న. ఒక దినం చూసిన. నెల చూసిన. రిటైర్ అయిన దినం గూడ చూసిన. ఇగ తర్వాత చూసుడు బంద్ జేసిన."

నేను ముందే రాసి తెచ్చుకున్న ఉత్తరం బయటికి తీశాను. ఆయన చెప్పినా నేనే వినలేదని, విచారణలో నేను రాసింది అబద్ధమని అందులో ఉంది. పైఅధికారులకు ఒక ప్రతి పంపిస్తానని చెప్పి, మొత్తం ఆయనకు చదివి వినిపించాను. చాచా కళ్ళు మూసుకుని విన్నాడు. చదవడం అయ్యాక కూతురు మిషన్ మీది గుడ్డను మెల్లగా మడత పెట్టింది.

"అక్కా, గప్పుడు ఊరు ఊరంత ముంగట అన్నవు" అంది. "గిప్పుడు తలుపేసుకొని మా అబ్బాకు చెవుల చెప్తున్నవు. నేను ఇప్పటికి గూడ గా బజార్లకెళ్ళి పోను. ఫలానోని బిడ్డ అంటరని."

గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నాకు బాగుండేది. చాచా ఆమెను వారించబోయాడు, మళ్ళీ ఊరుకున్నాడు.

ఆషాఢంలో అందరూ కలిసినప్పుడు సరాయి మెట్ల మీదే చెబుతానని, ఆయన కూడా రావాలని అడిగాను. చాచా తల అడ్డంగా ఊపాడు. "నేను రాను బిడ్డా. గక్కడ నా కాలర్ పట్టిండ్రు. నువ్వు చెప్పేది నువ్వు చెప్పు."

పైకి పంపిన ఉత్తరానికి ఇంతవరకు జవాబు రాలేదు. ఎవరో ఫోన్ చేసి, పాత ఫైలు ఇప్పుడెందుకు మేడం తిరగతోడటం అన్నారు. దాన్ని వదలను. కాని నేను చెప్పాలనుకున్నది ఆ మెట్ల సంగతి.

బోనాలకు ముందు శనివారం వెళ్ళాను. ఎప్పటిలాగే మెట్లు కడుగుతున్నారు. పెద్దమ్మకు ఇప్పుడు చూపు సరిగా ఆనదు, చీపురు పట్టలేదు, పై మెట్టు మీద కూర్చుని ఎక్కడ మురికి మిగిలిందో చేత్తో తడిమి చెబుతోంది. లోపల గ్రంథాలయంలో చదువుకుంటున్న పిల్లలు కొందరు కిటికీల దగ్గరికి వచ్చారు. నేను కింద బజారులో నిలబడి, అందరికీ ఒక మాట చెప్పాలన్నాను. రాజకీయాల్లో ఎన్ని ఉపన్యాసాలిచ్చానో. ఆ రోజు మొదటి వాక్యమే దొరకలేదు.

చెప్పడం మొదలుపెట్టగానే నెత్తి మీంచి విమానం వచ్చింది. ఆ మోతలో ఎవరికీ ఏమీ వినపడలేదు. అది పోయేదాకా ఆగి, ధైర్యం మళ్ళీ కూడగట్టుకొని మొదటి నుంచి చెప్పాను. నాకు ఇంగ్లీషు రాదని చెప్పాను. చాచా వేలు పెట్టి చూపించాడని, నేను కసురుకున్నానని, సరాయి కూల్చమన్న సంతకం నేను చూడకుండా పెట్టిందేనని, మీ ముందు ఆయన మీద వేసిన నింద అబద్ధమని, విచారణలో కూడా అబద్ధమే రాశానని చెప్పాను. అప్పుడు అలా అనకపోతే సరాయి దక్కేది కాదనుకున్నాను అని కూడా అన్నాను. అంతదాకా వచ్చాక కూడా ఆ ఒక్క సాకును వదలలేకపోయాను.

బకెట్లోంచి నీళ్ళు ఒక్కో మెట్టు దిగి నా చెప్పుల దాకా వచ్చాయి.

పెద్దమ్మ నా గొంతు వచ్చిన వైపు ముఖం తిప్పింది. కోపం లేదు ఆమె ముఖంలో. నిజంగా తెలియక అడుగుతున్నట్టే అడిగింది.

"తప్పు నాదే, చదువకుండ దస్తఖత్ పెట్టిన, ఇగ మిషన్ వాపస్ పొమ్మను అని గప్పుడే అంటే ఏమైతుండె బిడ్డా? మేమందరం ఈడ్నే కూసోని ఉంటిమి గదా. మిషన్ అట్ల గూడ వాపస్ పోతుండె గదా?"

పోయేది. నాకు ఆ క్షణాన తెలిసింది. కమిషనర్ గారు కలం చేతిలో పట్టుకునే ఉన్నారు. ఆడవాళ్ళు మెట్లు దిగేవాళ్ళు కాదు. ఎవరు తప్పు చేశారని చెప్పినా సరాయి నిలిచేదే.

పెద్దమ్మ తడి కొంగు పిండుకొని, పక్కకు జరిగి, మెట్టు మీద నాకు చోటు చేసింది. నేను అక్కడ కూర్చోలేకపోయాను.